గడి వాకిలి, ఇంటి వాకిలి

ఎనుబది, తొంబది యేండ్ల క్రిందట జనగామ తాలూకా పల్లెలలో కోడి కూయకముందే రెండు వాకిళ్ళు ఊడ్వబడుచుండెను. మొదటిది దొరగారి గడి వాకిలి. రెండవది ఆ గడి వాకిలి ఊడ్చి వచ్చిన యామె సొంత యింటి వాకిలి. మొదటిదానికి కూలి లేదు. రెండవదానికి తీరిక లేదు. గృహశుభ్రతను గూర్చి వ్రాయువారు సామాన్యముగా ఇల్లాలి నేర్పును పొగడి ఊరకుందురు. ఆ నేర్పు నిజమే. కాని యెవరి యిల్లు ఎవరు శుభ్రపరచిరి, ఏ వస్తువులతో శుభ్రపరచిరి, అందుకు వారికేమి ముట్టినది అని విచారించినపుడు గాని ఆ విషయము చరిత్ర కాజాలదు.

కొడకండ్ల ప్రాంతమున ఈ విచారణ సులభముగా చేయవచ్చును. నిజాము పాలనలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండెను. పిదప వరంగల్లు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11న జనగామయే జిల్లా యైనది. కొడకండ్లకు చేరువనున్న పాలకుర్తి, విసునూరు, కడవెండి అను పేర్లు వినగానే తెలంగాణపు పెద్దలకు వెట్టిచాకిరియు, దాని నెదిరించిన జనమును జ్ఞప్తికి వత్తురు. వెట్టిలో అధికభాగము ఇంటిపనియే యను సంగతి మాత్రము అంతగా జ్ఞప్తికి రాదు.

ముందు సామాన్యుల యింటి సంగతి. గోడలు మట్టివి, నేల మట్టిది. మట్టినేల ఎండినకొలది పొడియై లేచును, పగుళ్ళు వారును, ఆ పగుళ్ళలో చీమలును పురుగులును చేరును. దీనికి అలుకుటయే ఉపాయము. పేడలో నరుగక మిగిలిన గడ్డిపీచు మట్టి రేణువులను పట్టియుంచును. దాని జిగురు పైపొరను గట్టిపరచును. అలుకు మందమైన పెచ్చులు లేచును, పలుచనైన దుమ్ము ఆగదు. చేతిని అర్ధచంద్రాకారముగా త్రిప్పుచు, వెనుకకు జరుగుచు, ఒక వరుస నింకొక వరుస తాకునట్లు అలుకవలెను. ఆరిన తరువాత వ్రేళ్ళ జాడలు నేలమీద చేపపొలుసులవలె నిలుచును. ఆ జాడలను జూచి యెవరి చేతి యలుకో చెప్పగల ముసలమ్మలు ప్రతి యూరను ఉండిరి.

పేడ క్రిములను చంపునని చాలమంది నమ్మిరి, నేటికిని నమ్మువారున్నారు. ఈ నమ్మకము సరికాదు. పశువుల పేడలో ధనుర్వాతమును గలిగించు క్రిములుండవచ్చును. పురిటిగదిలో బొడ్డు కోసిన పుండునకు మట్టియో పేడయో సోకిన పసికందులెందరో ఆ వ్యాధికి బలియైరి. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు వ్యాపించిన పిమ్మటనే 2015లో భారతదేశము తల్లీ శిశువుల ధనుర్వాతమును అదుపులోనికి తెచ్చినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. పేడ యలుకు దుమ్ము నణచును, నేలను గట్టిచేయును. దాని గుణమంతవరకే.

సున్నము సంగతి వేరు. సున్నపురాయిని బట్టీలో కాల్చగా నందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. నీరు పోసినంతనే అది బుసబుస పొంగి వేడెక్కును. గోడకు పూసిన తరువాత గాలిలోని ఆ వాయువునే మరల పీల్చుకొని క్రమముగా రాయిగా మారును. అనగా సున్నము వేసిన గోడకు పలుచని రాతిపొర కప్పినట్లే. తడిసున్నపు ఘాటైన క్షారగుణము బూజును, క్రిములను నశింపజేయును. చేతికంటకుండుటకు గంజియో బంకయో కలుపుదురు. గోడ యడుగుభాగమున జాజుతో ఎర్రని పట్టె తీర్చుట యీ సీమ వాడుక. చూరునీటికి చిందిన మట్టి ఆ యెరుపులో కలిసిపోవును గాన గోడ ఏడాదిపొడవున శుభ్రముగనే కనబడును. బతుకమ్మ పండుగకు ముందు, సంక్రాంతికి ముందు ఇల్లు దులిపి, సున్నము, జాజు వేయుట యిందువలననే యేర్పడిన ఆచారము. వానకాలము వెళ్ళిన వెంటనే గోడలకు మరమ్మతు కావలెను, పంట యింటికి వచ్చుటకు ముందు గాదెలు, నేలలు సిద్ధము కావలెను.

ఈ పనులు చాల పాతవి. వాకిట చల్లు పేడనీటికి మన కావ్యములలో ‘కలయంపి’ యని పేరు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున మాచల్దేవి చిత్రశాలా ప్రవేశ సందర్భమున మంచిగంధముతో కలయంపి చల్లి, కుంకుమపువ్వుతో ముగ్గులిడిరని కవి చెప్పెను. పేడకు మారుగా గంధము, పిండికి మారుగా కుంకుమపువ్వు వాడుట ఆమె వైభవమును చూపుటకు చేసిన వర్ణనయే. అయినను వాకిలికి నీరు చల్లి ముగ్గు పెట్టుట అప్పటికే ఇంటింటి యాచారమని యీ వర్ణన వలననే తెలియుచున్నది. ఇట్టి ముక్కలను కావ్యములనుండి యేరి కూర్చి సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించిరి. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెలుగునకు మొదటిసారి యిచ్చిన బహుమతి ఆ గ్రంథమునకే. పాలకుర్తి నుండి వెలసిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున బసవపురాణమున మడివాలు మాచయ్య యను రజక భక్తుని కథ చెప్పెను. మాసిన బట్ట లుతుకువానిని భక్తాగ్రేసరునిగా నిలిపిన కవి యూరిలోనే, ఏడు వందల యేండ్ల తరువాత, ఒక రజక స్త్రీ పండించిన పంటకై దేశముఖు మనుష్యులు ఎగబడిరి. ఆ సంగతి ముందు వచ్చును.

కొడకండ్ల నేతపనివారు గల గ్రామము గనుక మరొక మాట చెప్పవలసియున్నది. పద్మశాలి వీథులలో శుభ్రత వేడుకకు గాదు, పనికి. గుంటమగ్గము నేలలో దిగి యుండును. గుంట చుట్టు మట్టి రాలిన నూలు మాయును, తేమ యెక్కువైన పోగు చెడును. పడుగును వీథి పొడవున సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వు దినమున ఆ వీథి యంతయు అద్దమువలె నుండవలెను. గాలికి లేచిన దుమ్ము గంజి తడి నూలున కంటుకొన్న నది మరల పోదు. తెల్లవారుజామున వీథి యూడ్చి, నీళ్ళు చల్లి, దుమ్మణగిన తరువాతనే పడుగు విప్పుదురు. నేతగాని కూలిలో ఆ యూడ్చినవారి పాలు ఎన్నడును లెక్కకు రాలేదు. అదియు నింటి స్త్రీల పనియే.

ఇక పాత్రలు. జనగామకు చేరువనున్న పెంబర్తి ఇత్తడి పనికి ప్రసిద్ధి కెక్కినది. నిజాము కాలమున నచ్చటి విశ్వకర్మలు పానుదానులు, అత్తరుదానులు చేసిరి. ఇత్తడిలో రాగియు యశదమును గలవు. పులుపు తగిలిన రాగి కరగి చిలుము పట్టును. చిలుము కడుపులోనికి పోయిన వాంతులగును. కావుననే వంటపాత్రల లోపల తగరపు పూత, అనగా కలాయి, వేయించుట తప్పనిసరి. కలాయివాడు పాత్రను నిప్పులపై కాల్చి, నవాసారము చల్లి, కరగిన తగరమును దూదితో తిప్పి పూయును. పొగ లేచి క్షణములో నల్లని పాత్ర వెండివలె మెరయుట పిల్లల కొక వింత. వెలుపలి మెరుగునకు చింతపండు చాలును. చింతపులుపు ఇత్తడిపైని మసకను కరగించును. జిడ్డునకు కట్టెల బూడిద. బూడిదలోని క్షారము జిడ్డుతో కలిసి సబ్బువంటి పదార్థ మగును. పీచు, బూడిద, చింతపండు, ఇసుక, కుంకుడు, చాకలివారి చవుడు — వీనిలో డబ్బిచ్చి కొనవలసినది లేదు. కొనవలసినది లేనిచోట ఖర్చగునది ఒంటి బలమొక్కటే. ఆ బలము ఎవరిదన్న ప్రశ్న యిచ్చట పుట్టుచున్నది.

గడి యన్నది సామాన్యపుటింటికి పెద్ద రూపము గాదు. దాని శుభ్రతయే వేరు. గానుగలో రుబ్బిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయ రసము చేర్చి నునుపు దేల్చిన గచ్చు నేలలు, ఎత్తయిన సున్నపు గోడలు, టేకు స్తంభములు, చెక్కడపు దర్వాజలు, ఉయ్యాల బల్లలు, తివాచీలు, గాజు దీపములు, బిందెలు, గంగాళములు. గచ్చును తరచుగా కడుగవలెను, టేకుకు నూనె పట్టింపవలెను, దీపపు గాజులను దినదినము మసి తుడువవలెను, గంగాళములను విందు విందునకు తోమవలెను. ఇంతటి పనికి దొరల యిండ్లలో జీతపు పట్టీ చాల మట్టునకు లేదు. దానికి మారుగా వెట్టి యుండెను.

వెట్టి కులముల వారీగా పంచబడియుండెను. చాకలివారు గడి బట్టలుతుకవలెను, అంట్లు తోమవలెను. కుమ్మరివారు కుండలీయవలెను. మంగలివారు ఒళ్ళు పట్టవలెను. దళిత కుటుంబములు వంతులవారీగా నొక మనిషిని పంపవలెను. వాకిలి ఊడ్చుట, పశువుల కొట్టము బాగుచేయుట, కట్టెలు కొట్టుట, బరువు మోయుట, చీటి పట్టుకొని పొరుగూరికి పరుగెత్తుట యన్నియు ఆ మనిషి పనులే. ఊరికి సర్కారు ఉద్యోగి వచ్చిన వాని బసను శుభ్రపరచుటయు వీరి మీదనే. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట గ్రంథమున ఈ పంపకమును వివరముగా వ్రాసిరి. లోపలి గదుల పని ఆడబాపలది. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు మంచముతో, బిందెలతో పాటు ఈ స్త్రీలను పంపుచుండిరి. వారి బ్రతుకు గడి నాలుగు గోడల నడుమనే తెల్లవారెడిది.

ఇందొక వైపరీత్యము గమనింపదగినది. గడి ముంగిలి నిత్యము ఊడ్చు దళితుడు గడప దాటరాదు. అతని చేతి శుభ్రత కావలెను గాని అతడు తాకరాదు. గడి వాకిట కలయంపి ఆరకముందే ఊడ్చి ముగించిన మనిషి ఇంటికి వచ్చుసరికి ప్రొద్దెక్కును. ఆ యింటి నేల మరునాటికి, ఆ మరునాటికి వాయిదా పడును. పల్లెలను జూడవచ్చిన వారు కొందరు వాడలను మురికివని వ్రాసిరి. ఆ వాడలవారి ప్రాతఃకాలము ఏ వాకిట గడచుచున్నదో విచారించినవారు తక్కువ.

విచారించిన వారును లేకపోలేదు. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్ర జన సంఘము పల్లెపల్లెకు గ్రంథాలయములు పెట్టుటతోపాటు వెట్టిని ఖండించుటను తన పనిగా చేసికొనెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు అర్జీలు వ్రాసి, చిన్న పుస్తకములు పంచి, చట్టము ప్రకారము ఎవరెవరికి కూలి రావలెనో జనమునకు తెలిపిరి. చదువనేర్చినవాడు అరుగుమీద కూర్చుండి వానిని చదువగా చదువురానివారు వినిరి. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. 1944లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభ నాటికి వెట్టి రద్దు అర్జీలోని కోరికగా గాక ఊళ్ళలో అమలుపరుపవలసిన కార్యక్రమముగా మారినది. జనము దానిని ‘సంగం’ అనిరి.

విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి వశమున సుమారు 40,000 ఎకరముల భూమి యుండెనని సుందరయ్యగారు వ్రాసిరి. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ, చాకలి ఐలమ్మగా ప్రసిద్ధురాలు, కౌలునకు తీసికొన్న భూమిలో సేద్యము చేసికొనుచు సంగమున చేరెను. చాకలివృత్తి స్త్రీ సొంత సేద్యమునకు దిగుటయే గడివారికి కంటగింపు. గడి పనికి చేతులు తగ్గునుగదా. ఆమె పంటను కోసికొనిపోవుటకు దేశముఖు మనుష్యులు రాగా సంగము వాలంటీర్లు అడ్డుపడి, పంటకోసి, ధాన్యము ఆమె యింటికి చేర్చిరి. తరువాత ఆమె యిల్లు తగులబెట్టబడెను. జీవితమంతయు పరుల బట్టలు, పరుల గిన్నెలు తెల్లగా చేసిన కుటుంబమున కాపైన అలుకుటకు నేల సైతము మిగులలేదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై జరిగిన కాల్పులలో దొడ్డి కొమురయ్య మరణించెను. అచ్చటినుండి పోరాటము తాలూకాలు దాటి వ్యాపించినది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది.

సంగము ఊరిలో అడుగుపెట్టిన చోట మొదట నిలిచిపోయినది ఇట్టి ఇంటిపనియే. చాకలి అంట్లు తోముటకు పోలేదు. ఊడ్చువాడు రాలేదు. పన్ను, భూమి, లేవీ యను పెద్ద తగవులు కచ్చేరీలలో నడుచును గాని, గడి వాకిలి ఊడ్వబడని సంగతి తెల్లవారునప్పటికి ఊరందరికి కంటి కెదురుగా నుండును. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము బేగారును, అనగా వెట్టిని, పేరుతో సహా నిషేధించినది. అయినను అప్పు పేరిట సాగిన కట్టుబానిసత్వమును తొలగించుటకు 1976లో మరొక చట్టము కావలసివచ్చినది.

తరువాత గడు లేమైనవి? కొన్ని కార్యాలయములుగా, కొన్ని బడులుగా మారినవి. కాని చాలవాని గతి యొక్కటే. సున్నము రాలినది, గచ్చు పగిలినది, దూలములకు చెద పట్టినది, పైకప్పు కురిసినది, రావిమొక్క గోడను చీల్చినది. పోరాటములో పాడైనవి కొన్ని యున్నను, ఎవరు ముట్టనివియు నిట్లే యైనవి. కాలమహిమ యని పెద్దలందురు. అంతకంటె సమీపకారణ మొకటి కలదు. కూలి యిచ్చి నిలుపుకొనగల కొలతలో ఆ గడులు కట్టబడలేదు. ఏటేట గోడలకు సున్నము, టేకుకు నూనె, గచ్చునకు మరమ్మతు ఎందరి చేతనో ఉచితముగా జరుగునను ధైర్యముతో కట్టినవి. ఆ చేతులు లేచిపోగానే వానికి రోగము పట్టినది. వానికి ప్రక్కనే యున్న మట్టియిల్లు మాత్రము దసరా దసరాకు జాజు పూసికొని నిలిచినది. దానిని నిలుపుటకు కావలసిన శ్రమ ఆ యింటివారి శక్తికి మించినది కాదు.

ఇంటిగోడకు సంబంధించిన మరొక ఘట్టము 1953లో మొదలయ్యెను. ఆ యేట కేంద్ర ప్రభుత్వము మలేరియా నియంత్రణ కార్యక్రమము నారంభించి యింటింట డి.డి.టి. చల్లించినది. దోమ గోడపై వ్రాలినపుడు మందు తగిలి చచ్చును. స్వాతంత్ర్యము నాటికి దేశమున ఏటా సుమారు 7.5 కోట్ల మందికి సోకుచుండిన చలిజ్వరము 1960 దశకపు నడుమకు లక్ష ప్రాంతమునకు తగ్గినది. కాని మట్టిగోడ మందును లోనికి పీల్చుకొనును. అంతే గాక పండుగకు పూసిన ఎర్రమన్ను, సున్నము దానిని కప్పివేయును. చల్లిన తరువాత కొన్ని నెలలు గోడలు పూయవలదని పనివారు ప్రాధేయపడిరి. పండుగ వచ్చినపుడు పూయక ఊరకుండు ఇల్లాలు ఎచ్చట? ఒక శుభ్రత ఇంకొక శుభ్రతకు అడ్డువచ్చిన సందర్భమిది. తప్పు ఇల్లాలిదనుట న్యాయము కాదు. పండుగ తేదీలు చూచికొని మందు చల్లు తేదీలు నిర్ణయించిన చాలునుగదా.

మిగిలిన మార్పులు త్వరగా జరిగినవి. విద్యుద్దీపము రాగానే చిమ్నీల మసి తుడుచు పని పోయినది. 1969లో గుజరాతున మొదలైన నిర్మా వంటి చౌక పొడులు బూడిద స్థానమును, ఉక్కుగిన్నెలు ఇత్తడి స్థానమును తీసికొనగా కలాయివాని కేక వీథులలో వినబడుట అరుదైనది. 1999లో ‘దీపం’ పథకము, 2016లో ‘ఉజ్జ్వల’ పథకము గ్యాసుపొయ్యిని పేదయిండ్లకు చేర్చినవి. వంటింటి మసితోపాటు దానిని పీల్చిన స్త్రీల దగ్గును కొంత తగ్గినది. విసుర్రాళ్ళకు కక్కులు కొట్టువారు తిరుగుట తగ్గినది. పెంకుటిండ్ల స్థానమున కాంక్రీటు కప్పులు, అలుకు నేలల స్థానమున బండలు, పలకలు వచ్చినవి. తుడుపుగుడ్డ వచ్చిన తరువాత మోకాళ్ళపై వంగి చేయు పని తగ్గినది. కాని ఆ గుడ్డను పట్టుచున్న చేయి చాలయిండ్లలో ఇంకను స్త్రీ చేయియే.

ఊరి వాకిలి ఊడ్చు పని గ్రామపంచాయతీకి చేరినది. 2019లో రాష్ట్ర ప్రభుత్వము పంచాయతీ పారిశుధ్య కార్మికులకు నెలకు 8,500 రూపాయల జీతము నిర్ణయించినది. తాతలు ఉచితముగా ఊడ్చిన వీథినే మనుమలు హాజరు పట్టీలో పేరు వ్రాయించుకొని ఊడ్చుచున్నారు. వారిలో అధికులు వెనుకటి ఆ కులములవారే యనుటయు నిజము.

వాకిలి మాత్రము కొంత చిక్కులో పడినది. సిమెంటు బాటపై పేడనీరు పట్టదు, జారి కాలువలోనికి పోవును. సంక్రాంతి దినమున గొట్టముతో నీరు కొట్టి, కడిగి, ఆరిన పిదప రంగుపొడులతో ముగ్గులు తీర్చుచున్నారు. కొందరు వృద్ధురాండ్రు గడప ముందు జానెడు నేల సిమెంటు వేయనీయక విడిపించుకొని, ఆ జానెడును ఎర్రమట్టితో అలికి, దానిపై పిండిముగ్గు పెట్టుచున్నారు.